నానాజీకి నేర్పిన మంట

సన్యాసిరావు చెడ్డవాడని కశింకోట చుట్టుపక్కల ఎవరూ అనరు. ఒకరి జోలికి పోడు, ఒకరి మాట మోయడు, తాగితే ఇంటికెళ్ళి పడుకుంటాడు. అలాంటి మనిషి ఆ ఏడాది గౌరమ్మ సంబరం ముందు నెలంతా నానాజీని చూసి కుళ్ళి చచ్చాడు. అన్నం సహించలేదు. గడ్డం గీసుకోలేదు. యాభై నాలుగేళ్ళ వాడు, ఇద్దరు మనవలకి తాత, రోడ్డు మీద మైకు ఆటో వెళ్తుంటే చెవుల్లో వేళ్ళు పెట్టుకునేవాడు. ఎందుకంటే ఆ మైకులోంచి వచ్చే గొంతు నానాజీది.

ముందు సన్యాసిరావు సంగతి చెప్పాలి. అతను బెల్లం గానుగలో పొయ్యికి మంట వేసేవాడు. చెరకు రసం పెద్ద ఇనప పెనంలో మూడు గంటల పాటు మరుగుతుంది. పెనం కింద పొయ్యి, పొయ్యి నోటి ముందు నడుం లోతు గొయ్యి. మంట వేసేవాడు ఆ గొయ్యిలో కూర్చుని, రసం తీసి ఎండబెట్టిన చెరకు పిప్పిని పిడికెడు పిడికెడు లోపలికి విసురుతుండాలి. మంట ఎక్కువైతే బెల్లం నల్లబడి మార్కెట్లో ఎవరూ ముట్టుకోరు. తక్కువైతే పాకం కుదరక దిమ్మ కట్టదు. పైన తెడ్డు తిప్పేవాళ్ళు "పెంచు" అనో "ఆపు" అనో కేకలేస్తుంటారు. సన్యాసిరావుకి ఆ కేకలతో పని లేదు. రసం మరిగే చప్పుడు విని చెయ్యి దానంతట అదే నడిచేది.

ఐదో తరగతి అయ్యాక తండ్రితో పాటు ఆ గొయ్యిలోకి దిగాడు. తండ్రి పోయాక ఒక్కడే దిగాడు. మోచేతుల కింద వెంట్రుక మొలవదు, ఎడం కనుబొమ్మ సగమే ఉంటుంది. అనకాపల్లి బెల్లం ఎక్కడెక్కడికో పోతుంది. తిన్నవాళ్ళు రైతుని తలుచుకుంటారు, అమ్మిన షావుకారు పేరు దుకాణం మీద ఉంటుంది. గొయ్యిలో కూర్చున్నవాడి మొహం మాత్రం పెనం దగ్గర నించున్నవాళ్ళకి కూడా కనబడదు. వాళ్ళకి కనిపించేది నడినెత్తి ఒక్కటే.

అందుకేనేమో, ఇరవై రెండేళ్ళప్పుడు నాటకాల మీద పడ్డాడు. అనకాపల్లిలో ఒక చిన్న నాటక సమాజం ఉండేది, ఇప్పటికీ ఉంది. మొదట తెర తాళ్ళు లాగాడు. తర్వాత వేషాలిచ్చారు. ఏం వేషాలనుకున్నారు? పోస్ట్‌మన్. నౌకరు. ఆఖర్లో వచ్చి "పదండి స్టేషన్‌కి" అనే కానిస్టేబులు. ముప్పై రెండేళ్ళలో అతను స్టేజీ మీద చెప్పిన అన్నిటికంటే పొడవైన డైలాగు "అయ్యగారూ, పట్నం నుంచి మీకోసం ఎవరో వచ్చారండీ, కూర్చోబెట్టమంటారా". అది కూడా ఒక్క నాటకంలోనే. భార్య నూకరత్నం దాన్ని కూర వండుతూ అతని గొంతుతో చెప్పి నవ్వేది.

ఆ ముప్పై రెండేళ్ళూ హీరో నానాజీయే. ఊళ్ళో మైకు నానాజీ అంటారు. మెయిన్ రోడ్డులో మైకు సెట్ల షాపు. బట్టల కొట్టు ఆషాఢం డిస్కౌంటు అయినా, కంటి వైద్య శిబిరం అయినా, ఎవరైనా పోయారన్న కబురైనా ఆటోల్లో తిరిగేది అతని గొంతే. కంచు గంట లాంటి గొంతు. సన్యాసిరావూ అతనూ ఒకేసారి సమాజంలో చేరారు. బావా అంటే బావా అనుకుంటారు. ఒకే బండి మీద ఎన్నో ఊళ్ళు తిరిగి ఆడొచ్చారు. ఇన్నేళ్ళూ సన్యాసిరావుకి నానాజీ మీద అసూయ లేదు. ఆకాశంలో ఉన్నవాడితో ఎవడు పోల్చుకుంటాడు? ఆ నానాజీ కిందికి దిగొచ్చి సన్యాసిరావు చోటులో కూర్చున్నప్పుడే కడుపు మండింది. అదెలా జరిగిందో చెప్తాను.

రాజశ్రీ అని ఒకమ్మాయి ఉంది. అచ్యుతాపురంలో మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి వెళ్తుంది, బస్సులో కూర్చుని సమాజానికి నాటికలు రాస్తుంది. ఆ కంపెనీ గేటు దగ్గర రోజూ బ్యాగులు వెతికి అగ్గిపెట్టె, లైటరు ఉంటే తీసి పక్కన పెడతారు. లోపలన్నీ అంటుకునే సరుకులు, అంచేత ఆ జాగ్రత్త సబబే. కానీ రాజశ్రీకి ఒక రోజు ఆలోచన వచ్చింది. ఒక ఊరు మొత్తం ఆ గేటు లోపలే ఉంటే ఎలా ఉంటుంది అని. అలా పుట్టింది ఆమె నాటిక, "పొగ లేని ఊరు".

రాబోయే కాలంలో ఒక పట్నం. అక్కడ నిప్పు నిషేధం. వంట లేదు, వేడి చేసిన తిండి గొట్టాల్లో ఇంటికొస్తుంది. దేవుడి ముందు బల్బు. చనిపోయినవాళ్ళని ఏదో నీళ్ళలో కరిగించేస్తారు. పిల్లలు మంట అనేదాన్ని చూసి ఎరగరు. వీధి వీధికీ ఒక పెద్ద పుస్తకం, అందులో ఎవరు ఏం మాట్లాడారో రోజూ రాసుకుంటారు. ఎక్కువ మాట్లాడినవాడికి తిండి గొట్టం ఆగిపోతుంది. ఆ పట్నంలో చివరి వీధిలో ఒక ముసలివాడు. ఒకప్పుడు బెల్లం గానుగలో మంట వేసినవాడు. ఆఖరి సీనులో అతను ఆ పుస్తకాలన్నీ తెచ్చి, దాచుకున్న అగ్గిపుల్ల గీసి, పొయ్యిలో వేస్తాడు. జనం మొదట హడలిపోయి పరిగెడతారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కొచ్చి ఆ మంట చుట్టూ కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెడతారు. అదీ కథ.

ముసలివాడి పాత్ర కోసం రాజశ్రీ నాలుగు ఆదివారాలు సన్యాసిరావు గానుగకి వచ్చింది. గొయ్యి గట్టు మీద గోనె సంచి పరుచుకుని, నోట్‌బుక్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. అతను ఎలా కూర్చుంటాడో, ఏ చేత్తో విసురుతాడో, దగ్గు వస్తే ఎటు తిరుగుతాడో అంతా రాసుకుంది.

"మావయ్యా, నా నాటికలో నిప్పు అన్నిటినీ కాల్చేస్తుంది. జనాన్ని విడిపించేదీ అదే. ఒక్క మంటే రెండు పనులూ ఎలా చేస్తుందో నాకే అర్థం కావడం లేదు" అంది ఒక రోజు.

"దానికి అయ్యన్నీ తెల్దమ్మా. ఏటేత్తే అది తింటాది. ఏసేవోడిదే గొడవంతాను" అన్నాడు సన్యాసిరావు పిప్పి విసురుతూ.

రాజశ్రీ ఆ మాటని పెద్ద అక్షరాలతో రాసుకుంది. సన్యాసిరావు తల ఎత్తి ఆ అక్షరాలు చూశాడు. తన నోటి మాటని ఎవరైనా కాగితం మీద పెట్టడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నూకరత్నంతో, "ఈపాలి ఏసం నాదే" అన్నాడు. ఎవరూ అతనికా మాట చెప్పలేదు. ఇంతకంటే ఏం చెప్పాలని అతని ధీమా. నూకరత్నం పెళ్ళినాటి పంచె తీసి ఉతికి ఆరేసింది.

రిహార్సల్సు మునిసిపల్ స్కూల్లో, సాయంత్రం బడి వదిలాక. దర్శకుడు శ్యామ్ మాస్టారు, ఆ స్కూల్లోనే లెక్కలు చెప్తాడు. మొదటిరోజు కాగితం తీసి వేషాలు చదివాడు. "తాత, నానాజీ." ఆ తర్వాత ఇంకా కొన్ని పేర్లు. అన్నిటికంటే కింద, "స్టేజీ మీద నిప్పు ఏర్పాట్లు, సన్యాసిరావు."

సన్యాసిరావు బెంచీ మీంచి లేచి, "మాస్టారూ, తాత నేను కాదేటి?" అన్నాడు. అందరూ అతని వైపు తిరిగారు. ముప్పై రెండేళ్ళలో అతను వేషం అడగడం ఎవరూ వినలేదు.

"నీదే సన్యాసీ, ఆ పాత్ర నీదే" అన్నాడు శ్యామ్ మాస్టారు మెత్తగా. "కానీ మైకు పెట్టినా నీ గొంతు మూడో వరుస దాటదు. పొయ్యిలోకి మాట్లాడి మాట్లాడి అలవాటైపోయింది. గౌరమ్మ సంబరంలో ఆఖరి సీను మూడు వేల మందికి వినబడాలి. నువ్వు నానాజీకి నేర్పు. మంట ఎలా వేస్తారో, ఎలా కూర్చుంటారో. నీకంటే బాగా ఎవరు నేర్పుతారు?"

రాజశ్రీ తల దించుకుని నోట్‌బుక్ అంచు గోకుతోంది. ఆమె ఒక్క మాట మాట్లాడినా సన్యాసిరావుకి అంత బాధ ఉండేది కాదేమో. మాట్లాడలేదు.

ఇక నానాజీ మొదలుపెట్టాడు. ఇన్నాళ్ళూ రాజుల భాష, వకీళ్ళ భాష మాట్లాడిన మనిషి సన్యాసిరావు భాష మాట్లాడటం మొదలుపెట్టాడు. "ఏటేత్తే అది తింటాది" అని ఆ కంచు గొంతుతో అనేసరికి గదిలో ఉన్న పదిమందికీ ఒళ్ళు జలదరించింది. సన్యాసిరావుకి కూడా జలదరించింది. అదే అతనికి భరించరాని సంగతి. తన మాట తన నోట్లో ఉన్నప్పుడు మామూలు మాట. వాడి నోట్లో పడేసరికి చప్పట్ల మాట అయిపోయింది. వారం తిరిగేసరికి నానాజీ సన్యాసిరావులాగా దగ్గాడు, సన్యాసిరావులాగా మోకాలు పట్టుకుని లేచాడు, ఎడం కనుబొమ్మని ఎగరేశాడు. తన దగ్గర ఉన్నవి ఆ నాలుగే. ఆ నాలుగూ తీసుకుపోయాడు. పైగా తనకంటే బాగా చేస్తున్నాడు.

"ఆడు నీకేటి అన్నేయం సేసేడు?" అంది నూకరత్నం, అతను కంచం ముందు నుంచి లేచిపోతుంటే.

"ఏటీ సెయ్యలేదు. అదే నా ఏడుపు" అన్నాడు సన్యాసిరావు.

నిజమే, నానాజీ ఏ అన్యాయమూ చేయలేదు. రోజూ రిహార్సల్ అయ్యాక బండి మీద కశింకోట దాకా దింపేవాడు. దారిలో టీ ఇప్పించేవాడు. "బావా, నువ్వు లేకపోతే ఈ వేషం నా వల్ల కాదు" అనేవాడు. వెనక సీట్లో కూర్చున్న సన్యాసిరావు ఆ మాట వింటూ, ఆ వీపు మీద రెండు గుద్దాలని ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు. అవతలివాడు మంచివాడైతే అసూయపడేవాడికి ఊపిరాడదు పాపం. తిట్టుకోవడానికి కూడా ఏమీ దొరకదు.

ఆఖరి సీనుకి శ్యామ్ మాస్టారు మొదట ఎర్ర బల్బు, పట్టు గుడ్డ, టేబుల్ ఫ్యాను అన్నాడు. రాజశ్రీ ఒప్పుకోలేదు. నిప్పు నిజంగా ఉండాలంది. చివరికి ఒక ఇనప డ్రమ్ము అడుగున ఇసుక పోసి, పక్కకి పొయ్యి నోరు కోయించారు. చుట్టూ నీళ్ళ బకెట్లు పెట్టేలా ఏర్పాటు చేసుకున్నారు. తెర లేచే ముందు సన్యాసిరావు లోపల కాసిని నిప్పులు రాజేసి ఉంచుతాడు. ఆఖర్లో నానాజీ అగ్గిపుల్ల గీసి పడేసి, పిప్పి వేసి, పుస్తకాలు వేసి, మనిషెత్తు మంట లేపాలి. స్కూలు గదిలో నిప్పు పెట్టనివ్వరు గనక సాధన అంతా ఉత్త డ్రమ్ముతోనే.

సంబరానికి నాలుగు రోజుల ముందు నానాజీ డ్రమ్ము ముందు గొంతుక్కూర్చుని, "నేర్పు బావా. పిప్పి ఎలా వెయ్యాలి?" అన్నాడు.

పిప్పి వేయడంలో ఒకటే కిటుకు. పిడికెడు తీసుకోవాలి, వేళ్ళతో విడదీయాలి, మణికట్టు తిప్పి పలచగా పడేలా విసరాలి, అది అంటుకున్నాకే రెండోది వేయాలి. పొయ్యి నోరు ఎప్పుడూ మూసుకుపోకూడదు. గాలి ఆడకపోతే ఎంత ఎండిన పిప్పయినా పొగే కక్కుతుంది. సన్యాసిరావుకి తండ్రి ఈ సంగతి చెవి మెలిపెట్టి నేర్పాడు. కొత్తగా వచ్చిన ఏ కూలీకైనా సన్యాసిరావు గొయ్యిలోకి దిగగానే చెప్పే మొదటి మాట అదే.

సన్యాసిరావు నానాజీ మొహంలోకి చూశాడు. తనలాగే సగం కనుబొమ్మ ఉండాలని నానాజీ అప్పటికే ఎడం పక్క గొరిగించుకున్నాడు.

"రెండు సేతుల్తోటీ పెద్ద ముద్ద తీసుకో. బాగా అదుము. లోపలికంటా తొయ్యి. ఎంట ఎంటనే తోసెయ్యాల, ఆగకూడదు" అన్నాడు సన్యాసిరావు.

చెప్పాక సిగ్గేసింది. కానీ నానాజీ శ్రద్ధగా ముద్ద చేసి అదిమి తోస్తుంటే, "ఇంకా గట్టిగా బావా" అన్నాడు. ఆ రాత్రి నెల రోజుల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు. ఏం జరగాలో అతనికి బాగా తెలుసు. సంబరానికి వచ్చేవాళ్ళు ఎవరు? కశింకోట రైతులు, తుమ్మపాల రైతులు, మార్కెట్ యార్డులో బస్తాలు మోసే కళాసీలు. పొయ్యి ఎరగనివాడు అందులో ఒక్కడుండడు. వాళ్ళ ముందు నానాజీకి పొయ్యి అంటుకోకూడదు. ఆ కంచు గొంతు పొగలో దగ్గాలి. వేషం ఎవరిదో ఊరంతటికీ తెలియాలి. అంతే అతనికి కావలసింది.

సంబరం రోజు సాయంత్రం ఏడింటికి మైదానంలో తెర లేచింది. నూకరత్నం ముందు వరుసల్లోనే కూర్చుంది. నాటిక బ్రహ్మాండంగా నడిచింది, అది ఒప్పుకోవాలి. గొట్టం తిండి చూసి జనం నవ్వారు. మాట ఎక్కువైందని ఒక పసిపిల్ల ఇంటికి తిండి ఆపేస్తే ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. నానాజీ నోరు విప్పితే చాలు, మైదానం చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. "నిప్పుకి అయ్యన్నీ తెల్దు. ఏటేత్తే అది తింటాది. ఏసేవోడిదే గొడవంతాను" అన్నాడో లేదో, చప్పట్లు మొదలయ్యాయి, ఆగలేదు. తెర పక్కన బకెట్ల మధ్య నించున్న సన్యాసిరావు ఆ చప్పట్లు వింటూ పళ్ళు నూరాడు. "కొట్టండి, కొట్టండి. ఇంకో ఐదు నిమిషాలే" అనుకున్నాడు.

ఆఖరి సీను వచ్చింది. నానాజీ డ్రమ్ము ముందు కూర్చుని అగ్గిపుల్ల గీసి లోపల పడేశాడు. రెండు చేతుల నిండా పిప్పి తీసుకున్నాడు, ముద్ద చేశాడు, అదిమాడు, నిప్పుల మీదికి తోశాడు. ఇంకో ముద్ద. ఇంకోటి. పొయ్యి నోరు మూసుకుపోయింది. తెల్లగా, చిక్కగా పొగ లేచింది. నానాజీ ఆగలేదు, ఆగకూడదని గురువు చెప్పాడు కదా. పొగ స్టేజీ అంతా కమ్మేసింది. డైలాగు మధ్యలో దగ్గు వచ్చింది. ఇది వేషంలో దగ్గు కాదు, నిజం దగ్గు.

మైదానంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు వరుస వరుసకీ పాకింది. "అదేటి మంటా, దోమల పొగా?" అని ఒకడు అరిచాడు. "ఎవుడైనా గానుగోడ్ని పిలవండ్రా!" అని ఇంకొకడు. మూడు వేలమంది గొల్లుమన్నారు. రాజశ్రీ అవతలి పక్క తెర పట్టుకుని ఏడుస్తోంది.

సన్యాసిరావు కోరుకున్నది కోరుకున్నట్టు జరిగింది. నాలుగు రోజులుగా పదే పదే ఊహించుకున్నదే. నానాజీ పొగలోంచి తల తిప్పి తెర పక్కకి చూశాడు. తిడుతున్నట్టు చూడలేదు. అనుమానంగానూ చూడలేదు. కళ్ళ నీళ్ళు కారుతుండగా, "నేనేం తప్పు చేశాను బావా?" అని అడుగుతున్నట్టు చూశాడు.

సన్యాసిరావు కాళ్ళు కదిలాయి. నానాజీ మీద జాలితో కదిలాయని చెప్తే అబద్ధమవుతుంది. జాలి కొంచెం ఉంది. అంతకంటే ఎక్కువగా, అలా ఊపిరాడక చస్తున్న పొయ్యిని చూస్తూ నించోవడం ఆ చేతుల వల్ల కాలేదు. ఇంకొకటి కూడా ఉంది, దాచడమెందుకు. మూడు వేలమంది గానుగవాణ్ణి పిలుస్తున్నారు. పిలిచినప్పుడు వెళ్ళకపోతే ఇంకెప్పుడు వెళ్తాడు?

గళ్ళ లుంగీతో, బనీనుతో స్టేజీ మీదికి నడిచాడు. "జరుగు" అన్నాడు. నానాజీ జరిగాడు. సన్యాసిరావు పొయ్యి నోట్లో చెయ్యి పెట్టి ముద్దలు బయటికి లాగేశాడు. ఒక పుల్లతో నిప్పులు కదిపాడు. వంగి ఊదాడు. పిడికెడు పిప్పి తీసి విడదీసి మణికట్టు తిప్పి విసిరాడు. భగ్గుమంది. ఇంకో పిడికెడు. మంట డ్రమ్ము దాటి మనిషెత్తు లేచింది. అతను నానాజీ పక్కనున్న పుస్తకాలు తీసుకుని కాగితాలు చించి ఒక్కొక్కటే వేశాడు. మాట్లాడలేదు. చెప్పాల్సిన డైలాగేదీ అతనికి లేదు.

ముందు తుమ్మపాల వాళ్ళు లేచారు. వాళ్ళ వెనక మైదానం అంతా లేచింది. ఈలలు, చప్పట్లు, తువ్వాళ్ళు గాల్లోకి ఎగిరాయి. ఇదంతా నాటికలో ఉన్నదే అనుకున్నారు జనం. పొయ్యి మరిచిపోయిన ముసలాయన, మరిచిపోని ఇంకొకడు వచ్చి రాజేయడం. తెర పడేదాకా సన్యాసిరావు మంట వేస్తూనే ఉన్నాడు. పడగానే అటునుంచి అటే దిగి, నూకరత్నం చెయ్యి పట్టుకుని, ఎవరి మొహమూ చూడకుండా షేర్ ఆటో ఎక్కేశాడు.

ఆటో కశింకోట దారి పట్టింది.

"నువ్వే అలగ నేర్పేవు కదూ?" అంది నూకరత్నం. అతను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్న ఎనిమిది గంటలకి నానాజీ గానుగ దగ్గరికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగ వల్లనో నిద్ర లేకనో. గొయ్యి గట్టు మీద చెప్పులు విప్పి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, లోపలికి దిగి సన్యాసిరావు పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు.

"వచ్చే ఆదివారం చోడవరంలో ఆట ఉంది బావా. మళ్ళీ నేర్పు" అన్నాడు.

సన్యాసిరావు పొయ్యి వైపు చూశాడు. సరిగ్గా నేర్పితే మొన్న తప్పు నేర్పినట్టు ఇప్పుడే తెలిసిపోతుంది. మళ్ళీ తప్పే నేర్పుదామంటే ఇది ఉత్త డ్రమ్ము కాదు, మీద పెనంలో రైతు రసం మరుగుతోంది. సన్యాసిరావు నానాజీ చేయి పట్టుకున్నాడు. పిడికెడు పిప్పి అందులో పెట్టాడు. వేళ్ళు విడదీయించాడు. మణికట్టు తిప్పించాడు. "పల్సగా. ఆగు. అంటుకోనీ. ఇప్పుడు ఇంకోటి."

నాలుగు పిడికిళ్ళకే మంట ఒకే ఎత్తున నిలబడింది. నానాజీ దాన్ని చూశాడు. చేతిలో మిగిలిన పిప్పిని చూసుకున్నాడు.

"మొన్న ముద్ద చేసి తొయ్యమన్నావు" అన్నాడు.

"అన్నేను."

"తెలిసే అన్నావా?"

"తెలిసే అన్నేను. నా మాట నా కంటే నువ్వే బాగా ఆడతన్నావు. సూళ్ళేకపోయేను" అన్నాడు సన్యాసిరావు. "కొట్టాలనుంటే కొట్టు బావా."

నానాజీ కొట్టలేదు. ఇంకో పిడికెడు తీసి, విడదీసి, విసిరాడు. బాగానే విసిరాడు. పైనుంచి రైతు "బాగుంది, అలాగే ఉంచు" అన్నాడు.

"రాత్రి శ్యామ్ మాస్టారు ఫోన్ చేశారు" అన్నాడు నానాజీ పొయ్యిలోకే చూస్తూ. ఆ కంచు గొంతు మూడో వరుస దాకా కూడా వచ్చేలా లేదు. "రాజశ్రీ ఆఖరి సీను మార్చి రాసిందట. నువ్వు రావడం అలాగే ఉంచుతారట. చోడవరం వ్యానులో నిన్నూ తీసుకురమ్మన్నారు. నేను... నీకు కుదరదన్నావని చెప్పేశాను."

సన్యాసిరావు అతని వైపు తిరిగాడు.

"ముప్పై రెండేళ్ళ నుంచి మాట్లాడుతున్నాను బావా. నా కోసం జనం ఎప్పుడూ అలా లేచి నిలబడలేదు. నువ్వు ఒక్క ముక్క మాట్లాడకుండా లేపావు. రాత్రంతా కన్ను మూతపడలేదు. మంట వెయ్యడం నేనే నేర్చేసుకుంటే నీతో పని ఉండదని పొద్దున్నే వచ్చాను."

సన్యాసిరావుకి కోపం రావలసిందే. వస్తుందేమోనని చూసుకున్నాడు కూడా. రాలేదు. పుట్టాక ఇంతవరకూ తనని చూసి ఏడ్చినవాడు ఒక్కడు లేడు. పోస్ట్‌మన్‌ని చూసి ఎవడు ఏడుస్తాడు, గొయ్యిలో నడినెత్తిని చూసి ఎవడు ఏడుస్తాడు? ఇప్పుడు మైకు నానాజీ అంతటివాడు రాత్రంతా నిద్ర మాని తన మీద ఏడ్చాడట. నెల రోజుల బరువు గుండెల మీంచి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. నవ్వొచ్చింది. ఆపుకోలేక మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని నవ్వాడు.

"చోడవరం యేను ఎన్నింటికి బావా?" అన్నాడు తల ఎత్తి.

నానాజీ ఇంకో రెండు పిడికిళ్ళు విసిరాడు, మంట అంటుకునేదాకా ఆగాడు.

"మూడింటికి" అన్నాడు.